కుందేటి కొమ్ములు కాక్టస్ కాదు, జిల్లేడు చుట్టం

సంపాదకుల వారికి,

నమస్కారం. ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో గుట్టల మీద పూసే ‘బుల్లి దేశవాళీ కాక్టస్’ గురించి బొమ్మతో సహా వేశారు. ఆ బొమ్మలో ఉన్నది కుందేటి కొమ్ములు. మేకలు కాసేవాళ్లకు తప్ప ఎవరికీ పట్టని మొక్క పత్రికకెక్కడం సంతోషమే. చిక్కల్లా దాన్ని కాక్టస్ అనడంతో వచ్చింది. ఆ ఒక్క మాట పట్టుకునే కింది పెంపకం సలహాలన్నీ నడిచాయి: మిద్దె మీద నడినెత్తి ఎండలో పెట్టండి, కొబ్బరి పొట్టులో నాటండి, రోజూ కాసిని నీళ్లు చిలకరించండి, గుట్టకు వెళ్తే వేరుతో పెళ్లగించి తెచ్చుకోండి. ఈ నాలుగూ పాటించిన ఇంట్లో మొక్క ఒక్క వానాకాలం దాటడం కష్టం. గుట్ట మీద దాని చోటూ ఖాళీ అవుతుంది.

మన దేశానికి సొంత కాక్టస్ అంటూ లేదు. ఆ కుటుంబమంతా అమెరికా ఖండాలది. చెట్ల మీద తీగలా వేలాడే రిప్సాలిస్ ఒక్కటే శ్రీలంకలోనూ ఆఫ్రికాలోనూ దానంతటది పెరుగుతుంది. మన పొలం గట్ల మీది నాగజెముడు కూడా ఓడ దిగి వచ్చిందే. ఎర్రరంగు ఇచ్చే కొచినీల్ పురుగును మేపడానికని ఈస్టిండియా కంపెనీ వాళ్ల రోజుల్లో మద్రాసు దగ్గర ఏకంగా జెముడు తోటలే వేశారు. 1795లో బ్రెజిల్ నుంచి తెచ్చిన పురుగు వాళ్లు అనుకున్న పురుగు కాదు. మంచి రంగు ఇవ్వలేదు గానీ ఒక రకం జెముడును మాత్రం ఊడ్చిపెట్టేసింది. మళ్లీ 1926లో శ్రీలంక నుంచి ఇంకో రకం పురుగును తెచ్చి వదిలితే ముళ్ల నాగజెముడు పొదలు చాలావరకు అణిగాయి. బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు కాక్టస్‌లకు ఏమీ కావు. గిల్లితే పాలు కారే వేరే కుటుంబం. బ్రహ్మజెముడు అన్న మాటను ముల్లున్న ప్రతిదానికీ తగిలించడం మాత్రం మన పత్రికలకు అలవాటైపోయింది.

కుందేటి కొమ్ములు జిల్లేడు కుటుంబానిది. శాస్త్రీయ నామం కారల్లుమా అడ్సెండెన్స్. ఆ మొదటి పేరు మన దగ్గర నుంచి వెళ్లిందే. సామర్లకోటలో కంపెనీ తోట నడిపిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో ఈ మొక్కను స్టెపీలియా పేరు కింద వర్ణిస్తూ, తెలుగువాళ్లు దీన్ని ‘కార్-అల్లం’ అంటారని రాసుకున్నాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దాన్ని వేరే ప్రజాతిగా (మొక్కల గుంపుగా) విడదీసి ఆ తెలుగు మాటనే లాటిన్ చేశాడు. అరబీ మూలం చెప్పేవాళ్లూ లేకపోలేదు. కానీ బ్రౌన్ ముందున్నది రాక్స్‌బర్గ్ రాసిన కోరమాండల్ తీరం మొక్క. ఆఫ్రికా, అరేబియాల్లో పెరిగే దీని బంధువులు కూడా చాలాకాలం ఈ పేరుతోనే చలామణి అయ్యాయి. అంత పేరు ప్రపంచానికి ఇచ్చిన మొక్కను మనమే కాక్టస్ అనడం కొంచెం చివుక్కుమనిపించే సంగతి.

గుర్తుపట్టడానికి భూతద్దం అక్కర్లేదు. కాక్టస్‌కు ముల్లు గానీ పువ్వు గానీ పుట్టేచోట చిన్న నూగు దిండులాంటి బుడిపె ఉంటుంది. కుందేటి కొమ్ములకు అది ఉండదు, ముల్లూ ఉండదు. కాండం నాలుగు పలకలు. కింద చిటికెన వేలంత లావుండి పైకి పోయేకొద్దీ సన్నబడి ఈనెపుల్లలా తేలిపోతుంది. మొత్తం ఎత్తు జానెడు నుంచి రెండు జానలు. పలకల అంచున ఆవగింజంత ఆకులు వచ్చి రాలిపోతాయి. అవి రాలినచోట మిగిలే మొటిమలను చూసే ముళ్లనుకుంటారు. తుంచితే పాలు రావు, నీళ్లలాంటి పసరు వస్తుంది. నల్లేరుతో పొరబడేవాళ్లు ఇంకా ఎక్కువ. నల్లేరు కూడా నాలుగు పలకలే గానీ కణుపు కణుపుకూ నొక్కినట్టు ఉంటుంది, నులితీగలు వేసి పాకుతుంది, పచ్చిది నమిలితే నోరు దురద. కుందేటి కొమ్ముకు తీగలు లేవు, దురదా లేదు. చిరుచేదుగా, కాస్త పులుపుగా ఉంటుంది. కరువు రోజుల్లో జనం పచ్చిగానే నమిలారు, పచ్చడి చేసుకున్నారు.

పువ్వును చూడాలంటే మోకాళ్ల మీద వంగాలి. సన్నటి కొసల వెంబడి కణుపుకొకటి రెండు చొప్పున తల కిందికి వేలాడేసుకుని ఉంటాయి. వెడల్పు అర అంగుళం అటూ ఇటూ. అయిదు సన్నటి రెక్కలు, ఒక రకంలో నల్లటి వంకాయ రంగు, ఇంకో రకంలో లేత రంగు మీద ఎర్ర గీతలు. ఫింబ్రియాటా అనే రకానికి రెక్కల అంచున సన్నటి వెంట్రుకలు ఉంటాయి. మనకు తెలియని గాలికి కూడా అవి వణుకుతాయి. ఆ కదలికకు, కొద్దిపాటి వాసనకు చిన్న ఈగలు వస్తాయి. ఈగ మూతి పువ్వు నడిమి చీలికలో ఇరుక్కున్నప్పుడు పుప్పొడి మూట ఒకటి క్లిప్పులా పట్టుకుని దాంతోపాటు పోతుంది. జిల్లేడు పువ్వులో జరిగేదీ ఇదే. తేనెటీగల కోసం పక్కన బంతిపూలు పెట్టమని మీ వ్యాసంలో ఇచ్చిన సలహా అందుకే ఇక్కడ పనికిరాదు. దీని దగ్గరి బంధువు కారల్లుమా అంబెల్లాటా కూడా మన గుట్టల మీద ఉంది. లావు కాండం కొసన పూలన్నీ ఒక బంతిలా గుత్తి కడతాయి, చచ్చిన ఎలుక వాసన కొడుతుంది. పెంపకం రెండింటికీ ఒకటే గానీ రెండోదాన్ని పడకగది కిటికీలో పెట్టకండి.

ఇక అసలు విషయం, అది ఎక్కడ పెరుగుతుందన్నది. అనంతపురం, కడప, కర్నూలు, పాలమూరు, నల్లగొండ వైపు రాతి గుట్టల మీద చూసినవాళ్లకు తెలుస్తుంది: బోడి బండ మీద ఎండలో ఇది దాదాపు కనిపించదు. బలుసు పొద కిందో, కలే పొద కిందో, బొమ్మజెముడు మొదట్లోనో, రెండు బండల నెర్రెలోనో ఉంటుంది. పొద దానికి గొడుగు, మేకల నుంచి కంచె, రాలిన ఆకు దాని ఎరువు. అడుగున మన్ను బెత్తెడు లోతు కూడా ఉండదు, అదీ సగం గులకరాయే. వాన పడితే పావుగంటలో నీరు జారిపోతుంది. అనంతపురంలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ నాలుగైదు నెలల్లోనే. మిగతా నెలలు మొక్క ముడుచుకుని నిద్రపోతుంది. అంటే దానికి కావలసింది వడపోసిన వెలుతురు, నిలవని నీరు, పైపైన కొద్దిగా మన్ను, ఏడాదిలో సగం ఎండు. కుండీలో మనం చేసే పనంతా ఈ నాలుగింటికి నకలే.

కుండీ లోతుది కాకూడదు. ఎనిమిది అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల లోతున్న మట్టి మూకుడు చాలు. వేళ్లు పక్కలకు పోతాయి, లోతుకు పోవు. లోతు కుండీలో వేరు చేరని అడుగు మన్ను వారాల తరబడి తడిగా ఉండిపోతుంది, కుళ్లు మొదలయ్యేది అక్కడినుంచే. అడుగున వేలు దూరేంత చిల్లులు మూడు ఉండాలి, ఆ చిల్లుల మీద పెంకు ముక్కలు బోర్లించాలి. ప్లాస్టిక్ కుండీ తప్పకపోతే నల్లది వద్దు. వేసవి ఎండకు దాని గోడ తాకలేనంత కాలుతుంది, అంచున ఉన్న వేళ్లు ఉడికిపోతాయి.

మన్ను పాళ్లు: మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల రాతి చిప్స్ రెండు పాళ్లు, దొడ్డు ఇసుక ఒక పాలు, ఎర్రమన్ను ఒక పాలు, ఏడాది మాగిన ఆకు ఎరువు అర పాలు. ఇసుక దొరకని చోట రోబో శాండ్ వాడుకోవచ్చు, అయితే దోమల జాలీ మీద పోసి బూడిదలాంటి పొడి అంతా పోయేదాకా కడగాలి. ఆ పొడి మిగిలితే మూడు తడుపుల్లో సిమెంటులా బిగుస్తుంది. కొబ్బరి పొట్టు ఎందుకు వద్దంటే, ముసురు పట్టిన రోజుల్లో అది పది రోజులైనా ఆరదు. వేసవిలో ఒకసారి పూర్తిగా ఎండితే మళ్లీ నీరు పీల్చదు, పోసిన నీరు అంచుల వెంబడి జారిపోయి నడిమి వేరు పొడిగానే ఉండిపోతుంది. రెండు కాలాల్లోనూ నష్టమే. నల్లరేగడి గురించి చెప్పనక్కర్లేదు. కలిపిన మన్నును కుండీలో నింపి ఒక గ్లాసు నీళ్లు పోసి చూడండి. అర నిమిషంలోపు కింద కారడం మొదలవ్వాలి, పైన మడుగు కట్టకూడదు. కట్టిందంటే చిప్స్ ఇంకో పాలు కలపండి.

నాటడానికి వేరుతో మొక్క అవసరమే లేదు. లావుగా ఉన్న కింది భాగం నుంచి నాలుగు నుంచి ఆరు అంగుళాల ముక్క చాలు. ముక్కను మొదలు దగ్గర సన్నగా నొక్కుకున్న చోట, స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో కోయాలి. అక్కడ గాయం చిన్నది, తొందరగా మానుతుంది. పూలు పూసే సన్నటి కొసను నాటేవాళ్లు చాలామంది, అందంగా ఉంటుందని. దానికి వేరు పట్టడం బహు కష్టం. కోసిన ముక్కను నీడలో, గాలి ఆడేచోట వారం రోజులు పడుకోబెట్టాలి. కోత మీద పొర కట్టి గోటితో తాకితే అట్టలా తగలాలి. అప్పుడు అంగుళం లోతున నిలబెట్టి చుట్టూ చిప్స్ పోసి, ఇంకో వారం దాకా నీళ్లు పోయకుండా ఆగాలి. జనం ఓర్పు తప్పేది ఇక్కడే. కోసిన పూటే నాటి, నాటిన పూటే తడిపితే పచ్చి గాయంలోంచి బూజు లోపలికి దిగుతుంది, పదిహేను రోజుల్లో ముక్క అడుగు గోధుమరంగు జావ అవుతుంది. ఫిబ్రవరి చివర నుంచి మే దాకా నాటితే నెల నుంచి నెలన్నరలో వేళ్లు వస్తాయి. మెల్లగా లాగితే పట్టు తెలుస్తుంది. ముసురులోనూ, డిసెంబరు చలిలోనూ నాటకపోతే మంచిది.

విత్తనం కావాలంటే కాయల మీద కన్నేసి ఉంచాలి. కొమ్ముల్లా జంటగా, బెత్తెడు పొడవున వస్తాయి. పండి పగిలాయంటే జిల్లేడు దూదిలాగే గింజలు గాలికి ఎగిరిపోతాయి. పచ్చరంగు వెలిసిపోతున్నప్పుడే పలుచటి గుడ్డ సంచి తొడిగి దారంతో కట్టాలి. దూది తీసేసి, తడి చిప్స్ మన్ను మీద గింజ పరిచి, పైన ఒక్క పొర ఇసుక చల్లితే చాలు. తాజా గింజ అయితే వెచ్చటి రోజుల్లో వారం పది రోజుల్లోపే మొలుస్తుంది. నిలవ ఉంచేకొద్దీ మొలక తగ్గుతుంది కాబట్టి సీసాలో దాచుకుని మురిసిపోవడం దండగ.

వెలుతురు విషయంలో మీ వ్యాసం చేసిన హాని ఎక్కువ. పొద్దున తొమ్మిదీ పదింటి దాకా ఎండ తగిలి, ఆ తర్వాత వెలుతురున్న నీడ వచ్చే తూర్పు వైపు దీనికి బాగా నప్పుతుంది. మిద్దె మీదయితే 50 శాతం షేడ్ నెట్ కింద పెట్టాలి. కాండం కాస్త ఊదారంగు తిరిగితే ఎండ సరిపోతున్నట్టు. ఒక వైపే తెల్లబడి, ఆ పైన బెరడు కట్టిందంటే మాడినట్టు, ఆ మచ్చ మళ్లీ పోదు. ఏప్రిల్, మే నెలల్లో, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మరీ ముఖ్యంగా, మిద్దె గచ్చు వేడి కుండీ అడుగుకు తగలకుండా రెండు ఇటుకలు పెట్టి ఎత్తండి. ఎండ బొత్తిగా లేని గదిలో పెడితే చావదు గానీ సన్నగా, పాలిపోయి, ఎత్తుకు పోతుంది. దానికదే నిలబడలేదు, పూత రాదు.

నీళ్లకు క్యాలెండరు కన్నా కార్తెలు నయం. మృగశిర కార్తెతో మొక్క లేస్తుంది, కింది నుంచి కొత్త మొలకలు తోస్తాయి. అక్కడి నుంచి వానలు తగ్గేదాకా వారానికోసారి, కుండీ అడుగు నుంచి కారేదాకా ఒకేసారి పోయాలి. వాన పడ్డ వారం అదీ వద్దు. రోజూ చిలకరించడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. పైన అర అంగుళం తడుస్తుంది, వేరుకు అందదు, కాండం మొదలు మాత్రం ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. నవంబరు నుంచి పదిహేను రోజులకోసారి. ఫిబ్రవరి నుంచి మే దాకా ఇరవై రోజులకోసారి సాయంత్రం పూట ఒక గ్లాసు. అప్పుడు కాండం ముడతలు పడి లోపలికి పీక్కుపోతుంది, అది నిద్ర. చూసి జాలిపడి నీళ్లు కుమ్మరించే చేతులు ఎన్ని మొక్కల్ని చంపాయో లెక్కలేదు. నిద్రపోయే వేరు నీళ్లు తాగదు, తాగని నీళ్లు మన్నులోనే ఉంటాయి. విశాఖ, కాకినాడ వైపు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటి వాన పడే చోట, గాలిలో చెమ్మ కూడా ఎక్కువ కాబట్టి, జూన్ నుంచి అక్టోబరు దాకా కుండీ చూరు కిందే ఉండాలి. ఎరువు మాట కొస్తే, జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి పిడికెడు మాగిన పశువుల ఎరువు చాలు. యూరియా వేస్తే కాండం బొద్దుగా నీళ్లెక్కి మొదట కుళ్లేది అదే.

పూత అయ్యాక సన్నటి కొసలు వాడి ఎండిపోతాయి. తెగులనుకుని మందు కొట్టకండి, దాని పద్ధతే అంత. ఎండింది పచ్చటి భాగం దాకా వచ్చి ఆగుతుంది. ఆగకుండా కిందికి దిగుతూ నల్లబడితే, లేదా మొదలు మెత్తబడితే, అది కుళ్లు. అప్పుడు మందుకంటే బ్లేడు ముందు. మెత్తబడ్డ చోటికి అంగుళం పైన కోసి కోతను చూడాలి. మధ్యలో వలయంలా గోధుమరంగు మరక కనబడితే ఇంకాస్త పైకి కోయాలి, మరక పూర్తిగా పోయేదాకా. మిగిలిన ముక్కను లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందు కలిపిన నీళ్లలో ముంచి, పది రోజులు ఆరబెట్టి కొత్త మన్నులో నాటాలి. పాత మన్ను పారబోయాల్సిందే. కుళ్లు తెచ్చే బూజు అందులోనే ఉంటుంది.

పిండినల్లి పలకల సందుల్లో తెల్లటి దూదిలా కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లతో తుడవడం సులువు. మొక్క కారణం లేకుండా ముడుచుకుపోయి, వానాకాలంలో నీళ్లు పోసినా తేరుకోకపోతే, కుండీలోంచి తీసి వేళ్లు చూడండి. వేరుకు పట్టే పిండినల్లి అక్కడ ఉంటుంది. వేళ్లు కడిగి, వారం ఆరబెట్టి మళ్లీ నాటాలి. పూల కొసల మీద జిల్లేడు మీద ఉండే పసుపు పేనుబంకే చేరుతుంది. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి పొద్దు వాలాక కొట్టాలి. ఎండలో కొడితే నూనె మరకల్లో కాండం మాడుతుంది. నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగు కనిపిస్తే మాత్రం మందు పక్కన పెట్టండి. జిల్లేడు మీద పెరిగే నారింజ రంగు సీతాకోకచిలుక పిల్ల అది. మొక్క చిన్నదైతే ఏరి దగ్గరలోని జిల్లేడు మీద వదిలితే దానికీ తిండి దొరుకుతుంది.

వ్యాసం చివర్లో ‘కొవ్వు కరిగించే మొక్క’ అని ఒక పెట్టె కట్టి వేశారు. ఫింబ్రియాటా రకం సారంతో గుళికలు అమ్ముతున్న మాట నిజమే. బెంగళూరులో 60 రోజులపాటు రోజుకు ఒక గ్రాము చొప్పున ఇచ్చి చూసిన పరీక్ష 2007లో అచ్చయింది. నడుము కొలత, ఆకలి కొంత తగ్గాయి. ఒంటి బరువులో, ఉత్తుత్తి గుళిక తిన్నవాళ్లతో పోలిస్తే, చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీన్ని ‘కొవ్వు కరిగించడం’ అని పెట్టె కట్టడం న్యాయం కాదు. ఆ మాట వల్ల కత్తిపీట గుట్టకెక్కుతుంది. వ్యాపారానికి పచ్చి మొక్కను తూకానికి కొంటారు, తూకం పెరగాలంటే వేరు, మొదలుతో సహా లాగుతారు. నేలకు రెండంగుళాల పైన కోసి మొదలు వదిలేస్తే మరుసటి వానలకు అదే మళ్లీ చిగురిస్తుంది, తెచ్చుకున్నవాళ్లకూ నాటడానికి ఆ పై ముక్కే కావాలి. రిజర్వు అడవిలో అయితే పెళ్లగించడం నేరం. అమ్మకం కోసం సేకరించే సంస్థలు 2002 జీవవైవిధ్య చట్టం కింద రాష్ట్ర జీవవైవిధ్య మండలికి ముందే తెలియజేయాలి.

నర్సరీలో కొనేవాళ్లు కుండీలోంచి తీయించి చూడొచ్చు. ముక్క నుంచి పెంచిన మొక్కకు వేళ్లు సన్నగా, తెల్లగా, కుండీ ఆకారానికి సర్దుకుని ఉంటాయి, కాండాలన్నీ ఇంచుమించు ఒకే వయసువి. గుట్ట నుంచి లాక్కొచ్చినదానికి తెగిన ముదురు వేళ్లు, వాటికి అంటుకున్న ఎర్ర గులక, మేక కొరికిన పాత గాట్లు కనిపిస్తాయి. అలాంటిది కొంటే వచ్చే వారం ఇంకో సంచీ గుట్ట దిగుతుంది. మీరు సవరణ వేసేటట్లయితే, పేరు సంగతి తర్వాత, ముందు ‘వేరుతో పెళ్లగించి తెచ్చుకోండి’ అన్న వాక్యాన్ని తీసేసి ‘మొదలు వదిలి, ఆరంగుళాల ముక్క కోసుకోండి’ అని వేయండి.

ఇట్లు,
దేశవాళీ మొక్కల పెంపకందారులు కొందరు,
అనంతపురం